పెరటిచెట్టు ఫలము - శ్రావకుని అహింసావ్రతము

బళ్ళారి, హోస్పేట, చెన్నై, బరంపురము, యానాము మున్నగు చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పెరడున్నవారు దానిమ్మయో సపోటాయో మామిడియో ఒక్కటైనను పెంచకమానరు. కాయ ముదిరి రంగు తిరుగు దినములు వచ్చునప్పటికి ఉడుతలు దిగును. దానిమ్మకు ప్రక్కను చిల్లు చేసి గింజలు తోడుకొని తినిపోవును. సపోటాను సగము కొరికి నేలమీద విడిచిపోవును. ఒక కాయను పూర్తిగా తినినచో గృహస్థునకు అంత కోపము రాదు. పది కాయలు కొరికి పదింటిని పాడుచేయుటచేతనే మనస్సు మండును. ఆ మంటలో "అంగడికి పోయి ఏదైనను మందు తెచ్చి పెట్టుము" అను మాట నోటినుండి వెలువడును. ఉడుతాభక్తి యని చిన్న సాయమునకు ముద్దుపేరు పెట్టుకొన్న తెలుగువాడు, ఆ నోటితోనే ఉడుతకు మందు పెట్టుమనుట వింత! శ్రావకుడు ఆగి విచారింపవలసినది ఆ మాట దగ్గరనే.

గృహస్థుని జీవనములో జరుగు హింసను పెద్దలు నాలుగు విధములుగా విడదీసి చెప్పినారు. సంకల్పించి చేయునది సంకల్పీ. వంట, ఇల్లూడ్చుట మొదలగు పనులలో జరుగునది ఆరంభీ. వృత్తివ్యాపారములలో జరుగునది ఉద్యోగీ. తన్నును తనవారిని రక్షించుకొనుటలో జరుగునది విరోధీ. మునికి నాలుగును నిషిద్ధములే. గృహస్థునకు కడపటి మూడు పూర్తిగా తప్పించుకొనుట అసాధ్యము గనుక, వానిని తగ్గించుకొనుచు, మొదటిదానిని మాత్రము బొత్తిగా విడువవలెనని నియమము.

దీనిని పట్టుకొని కొందరు చమత్కారముగా వాదింతురు. "ఉడుత దొంగ. దొంగను ఎదిరించుట విరోధీ హింస. అది గృహస్థునకు చెల్లును" అందురు. వాదము వినుటకు బాగుగానే యున్నది గాని తూకమునకు నిలువదు. ప్రాణమునకో మానమునకో ఆపద వచ్చి, వేరు దారి లేనపుడు చెప్పిన మాట అది. పది దానిమ్మకాయలు పోవుట ప్రాణాపాయము కాదు. పైగా ఇయ్యని వస్తువును తీసికొనుట దొంగతనము. ఇచ్చుట, ఇయ్యకపోవుట అను వ్యవహారము మనుష్యులది. దస్తావేజు ఎవరి పేర నున్నదో ఉడుత కెట్లు తెలియును? నిదానముగా కూర్చుండి, మందు పేరు విచారించి, మనిషిని పంపి, తెప్పించి, ఎరలో కలిపి పెట్టుట కంటె సంకల్పమనగా మరేమి కలదు? ఉడుత పంచేంద్రియ జీవి. చెట్టు ఏకేంద్రియము. ఏకేంద్రియము కాచిన కాయకొరకు పంచేంద్రియమును చంపుట ఏ లెక్కలోను సరిపడదు.

"మేము చంపలేదు, తోటపనివాడు చూచుకొన్నాడు" అనుటయు వినవచ్చును. తాను చేయుట, ఇతరులచేత చేయించుట, చేసినదానికి సమ్మతించుట ఈ మూడును కర్మబంధమునకు దారులే. వ్యాపారస్థులకు ఇది వేరుగా బోధింపనక్కరలేదు. సరకు మోసినవాడు కూలివాడే అయినను బాకీ తెప్పించినవానిదే గదా! నేమినాథస్వామి తన వివాహపు విందునకై కట్టియుంచిన మృగములను చూచినపుడు, వానిని కట్టుమని ఆజ్ఞాపించినవాడు తాను కాడు. అయినను తన నిమిత్తమున ఇంత చావు జరుగనున్నదని రథము మరలించి రైవతగిరికి పోయినాడు. ఇంతటివాని పేర స్తవనములు పాడు ఇంటిలో, పనివానిపై నెపము వేయుట తగదు. శ్రావకునకు వర్జ్యములైన 15 కర్మాదానములలో విషవాణిజ్యము ఒకటి. అంగడిలో విషమమ్మరాదని నియమము పాటించువాడు పెరటిలోనికి దానిని కొనితెచ్చుట ఏమి న్యాయము? ఎర తిన్న ఉడుత ఒక్కటియే చచ్చుననుటయు పొరపాటు. దాని కళేబరమును తిన్న పిల్లికిని కాకికిని గుడ్లగూబకును ముప్పు రావచ్చును. ఆ పొట్లము బీరువాలో నుండగనే సంవత్సరీ దినమున సకల జీవులకును క్షమాపణ చెప్పుకొను ఇంటి సంగతి ఏమనవలెను?

జ్ఞాతాధర్మకథలలోని మేఘకుమారుని వృత్తాంతము చాలమందికి తెలిసినదే అయినను, పెరడు గలవారు దానిని మరల ఒకసారి తలచుకొనవలెను. శ్రేణికమహారాజు కుమారుడగు మేఘుడు దీక్ష గైకొన్న మొదటి రాత్రి, వచ్చుచు పోవుచునుండు మునుల కాళ్ళు తగులుటచే నిద్రపట్టక, ఇంటికి మరలిపోవ తలచెను. అపుడు మహావీరస్వామి అతని పూర్వజన్మము చెప్పెను. ఆ జన్మమున అతడు అడవిలో ఏనుగు. దావానలమునకు భయపడి, ముందుగనే చెట్లు పెరికి, తీగలు లాగి, విశాలమైన మైదానము సిద్ధముచేసికొనెను. కార్చిచ్చు వచ్చినపుడు అడవిలోని మృగములన్నియు అందులో చేరి కిక్కిరిసెను. ఏనుగు ఒళ్ళు గోకుకొనుటకు ఒక కాలెత్తెను. ఆ ఖాళీలోనికి ఒక కుందేలు వచ్చి కూర్చుండెను. కాలు దించబోయి, కుందేలును చూచి, దించలేదు. రెండున్నర దినములు అట్లే నిలిచెను. మంట చల్లారి కుందేలు పోయిన పిమ్మట కాలు దించబోగా అది కొయ్యబారి, ఏనుగు క్రిందపడి ప్రాణము విడిచెను. ఆ దయవలననే రాజకుమారుడై పుట్టెను.

ఈ కథలో సాధారణముగా అందరును కాలెత్తి నిలుచుటనే చెప్పుకొందురు. అంతకు ముందున్న మాటను గమనింపరు. ఆ మైదానము ఏనుగు తన కష్టముతో తనకొరకు చేసికొన్నది. పెరటివాని మాటయు అదియే గదా! గుంత త్రవ్వినది నేను, నీళ్ళు పోసినది నేను, ఎరువు కొన్నది నేను అని. కష్టము నిజమే. ఏనుగు కష్టమును నిజమే. కుందేలు మాత్రము దానిని అడిగి రాలేదు.

నష్టమును గూర్చియు ఒక మాట. ధాన్యమో పప్పుదినుసులో వ్యాపారము చేయువాడు తరుగు వ్రాయక లెక్క ముగింపడు. తేమ ఆరుట, గోనెలు చినుగుట, ఎలుకలు, పురుగు అన్నియు తరుగులోనే పోవును. తరుగు వచ్చినదని అంగడి మూసినవాడు లేడు. చెట్టుకు మాత్రము తరుగు లేకుండవలెననుట పరిగ్రహమునకు మరియొక రూపము. పెరటి పండు అమ్మి బ్రతుకు కుటుంబము ఎక్కడనో గాని లేదు.

నింద మోపుటకు ముందు నిజమైన దోషి యెవరో చూడవలెను. ఉడుత పగటిపూట తిరుగునది. చీకటిపడగనే గూటికి చేరును. సాయంకాలము బాగున్న పండు తెల్లవారునప్పటికి కొరికియున్నచో, ఆ పని చాల తరచుగా గబ్బిలములది. పగటి గాట్లలో చిలుకల వాటా ఉండును. చేయని తప్పు అంటగట్టుట అభ్యాఖ్యానమను పేర 18 పాపస్థానములలో చేరియున్నది.

అట్లని పండ్లన్నియు వదలుకొని కూర్చుండుమని ధర్మము చెప్పలేదు. రక్షించుకొను పద్ధతులు కలవు. సపోటా, మామిడి, సీతాఫలము చెట్టుననే పండనక్కరలేదు. ముదిరిన కాయలను గట్టిగా నున్నపుడే కోసి గడ్డిలో మగ్గవేసినచో ఇంటిలో పండును, ఉడుతకు ఆశ పుట్టకముందే పని ముగియును. దానిమ్మ కోసిన తరువాత పండదు గనుక దాని కాయలకు ఒక్కొక్కదానికి సంచి కట్టవలెను. గుడ్డసంచిని ఉడుత కొరుకగలదు. సన్నని ఇనుపజాలి సంచి నిలుచును. ఒంటిగా నున్న చెట్టుకు, నేలనుండి మనిషి ఛాతీ ఎత్తున, రెండడుగుల వెడల్పు గల నున్నని రేకును మొదలుచుట్టు వదులుగా చుట్టినచో ఉడుతకు గోరు పట్టదు. మాను లావెక్కిన కొలది రేకును సడలించుచుండవలెను. గోడకో ఇంటికప్పునకో తగులు కొమ్మలున్నచో రేకు చుట్టియు ప్రయోజనము లేదు, అది పైనుండి దూకి వచ్చును. ఆ కొమ్మలను కత్తిరింపవలెను.

ఉపాయము ఏదైనను అహింసాణువ్రతమునకు చెప్పిన 5 అతిచారములతో సరిచూచుకొనుట మేలు. అవి కట్టివేయుట, కొట్టుట, అవయవచ్ఛేదము, అధికభారము మోపుట, అన్నపానములు ఆపుట. చెట్టుపై వేసిన నైలాను వల వదులైనచో ఉడుత కాలు, పక్షి రెక్క చిక్కుకొని గిలగిల కొట్టుకొనును. అది బంధమే. వల వేయువాడు దానిని బిగుతుగా లాగి, దినమునకు రెండుమార్లు చూడవలెను. జిగురు అట్టల మాట తలపెట్టనేరాదు. బోనులో పట్టి ఊరివెలుపల విడుచుట దయగా తోచును గాని, పట్టుబడినది తల్లియైనచో గూటిలోని కూనలు పాలులేక చచ్చును. అన్నపాననిరోధమునకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము వెదుకనక్కరలేదు.

లేశ్యలను బోధించుటకు పెద్దలు నేరేడుచెట్టు కథ చెప్పుదురు. ఆకలిగొన్న ఆరుగురు చెట్టుక్రిందికి వచ్చిరి. ఒకడు మొదలంట నరుకుదమనెను, రెండవవాడు పెద్దకొమ్మలు చాలుననెను, మూడవవాడు చిన్నకొమ్మలనెను, నాలుగవవాడు గుత్తులనెను, ఐదవవాడు పండినవి మాత్రము కోయుదమనెను, ఆరవవాడు రాలినవి ఏరుకొనిన సరిపోవుననెను. ఆకలి ఆరుగురికిని ఒక్కటే. ఆ కథలో ఉడుత లేదు. ఉడుతను చేర్చి చూచినచో ఐదవవాడు కూడ కొన్ని పండ్లు విడిచిపెట్టును. పెద్దలున్న కొన్ని ఇండ్లలో పైకొమ్మల కాయలు కోయరు. నిచ్చెన అందదని చెప్పుదురు గాని, నిచ్చెన అందును.

గోడకు తగులు కొమ్మను కత్తిరించువారు మాత్రము ముందుగా పైకి తేరిపార చూడవలెను. ఉడుత నారతో, గడ్డితో, గుడ్డపీలికలతో ఉండవలె గూడు కట్టును. ఒక ఈతకు సాధారణముగా రెండు మూడు కూనలు. పుట్టినపుడు కన్ను తెరువవు, బొచ్చుండదు. గూడు కనబడినచో, కూనలు తమంత తాము దిగి తిరుగువరకు కొన్ని వారములు కత్తిని ప్రక్కనుంచి, ఆ కాపును దానికి విడువవలెను.