శరణాగతుడు తుపానుకు సిద్ధపడవచ్చునా?

ఆశ్వయుజ, కార్తీక మాసములు భక్తులకు పుణ్యకాలములు. తూర్పుతీరమున అవియే తుపానుల కాలములు కూడ. ఒక ఇంట ఆకాశదీపము వెలుగుచుండగా మరియొక ఇంట పైకప్పు ఎగిరిపోవుట తెలుగుదేశము తరతరములుగా చూచుచున్నదే. ఇట్టి వేళ వైష్ణవ గృహములలో ఒక ప్రశ్న పొడచూపుచుండును. స్వామి పాదములను ఆశ్రయించినవాడు గాలివానకు వెరచి గోడలు బలపరచుకొనుట, బియ్యము దాచుకొనుట, ఇల్లు విడిచి వేరొక చోటికి పోవుట తగునా? అది మహావిశ్వాసమునకు లోపము కాదా? అని కొందరు శంకింతురు. దైవము బుద్ధి నిచ్చినది వినియోగించుటకే కదా యని మరికొందరు సమాధానము చెప్పుదురు. ఈ సమాధానము నిజమే గాని పూర్తి కాదు. శరణాగతికిని యత్నమునకును గల సంబంధ మెట్టిదో కొంత లోతుగా విచారింపవలసి యున్నది.

తుపాను సముద్రతీరవాసుల బాధయే గాని కొండల నీడనున్న తమకు కాదని తిరుపతి, చిత్తూరు ప్రాంతములవారు తలచుట కలదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు వాకాడు, శ్రీహరికోటల వైపున సముద్రతీరమే కలదు. తీరమునకు దూరముగా నున్నవారికి సైతము 2021 నవంబరు మరపురానిది. బంగాళాఖాతపు వాయుగుండము చెన్నపట్టణపు దిక్కున తీరము దాటుచుండగా శేషాచలముపై కుంభవృష్టి కురిసెను. కపిలతీర్థమున జలపాతము ఎర్రని వరదయై దుమికెను. తిరుమల కనుమదారులను, మెట్ల మార్గములను మూసివేయవలసి వచ్చెను. స్వర్ణముఖి పొంగెను. రాయలచెరువు కట్ట తెగునేమో యను భయముతో దిగువ గ్రామముల వారిని తరలించిరి. డిసెంబరు 1వ తేదీన రెండవ కనుమదారిపై పెనుబండలు విరిగిపడెను.

కొండల ఆవలి వైపున కలిగిన నష్టము ఇంకను దారుణము. రాజంపేట సమీపమున చెయ్యేటిపై గల అన్నమయ్య జలాశయపు కట్ట నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున తెగెను. ముప్పదిమందికి పైగా అసువులు బాసిరి. అది కార్తీక పూర్ణిమా సమయము. నదీతీరమునందలి శివాలయమునకు దీపారాధనకై వచ్చినవారిలోను కొందరు ఆ వరదలో కొట్టుకొనిపోయిరి. వారికి భక్తి లోపించెనని ఎవ్వడనగలడు? చేతిలో దీపముతో నున్నవారిని నీరు విడిచిపెట్టలేదు. కావున భక్తియున్నచో వరద తాకదను మాట ఆ మృతుల యెడల అపచారము. అట్లని వారి భక్తి వ్యర్థమైనదనుటయు తగదు. ప్రపత్తి మోక్షమునకు ఉపాయము. అది ఇంటి పైకప్పునకు వ్రాయించుకొన్న బీమాపత్రము కాదు. భగవంతుడు తనవానిని ఎన్నడును విడువడను విశ్వాసము వేరు, తనవాని ఇంటిపై గాలి వీవదను తలంపు వేరు. మొదటిది మహావిశ్వాసము. రెండవది విశ్వాసపు వేషము వేసికొన్న కోరిక మాత్రమే.

ఇక భగవంతుడే ముందుగా ప్రళయవార్త నెరిగించిన సందర్భము భాగవతమున కలదు. ద్రవిడ దేశాధిపతియైన సత్యవ్రతునకు మత్స్యమూర్తి, నాటికి ఏడవ దినమున లోకములు నీట మునుగునని తెలిపెను. అంతటితో ఊరకుండుమని చెప్పలేదు. ఓషధులను, విత్తనములను సేకరింపుమనెను. సప్తర్షులతోను, ప్రాణులతోను కూడి నావ నెక్కుమనెను. పెనుగాలికి నావ ఊగినప్పుడు దానిని వాసుకితో తన కొమ్మునకు కట్టుమనెను. నావను పంపినది భగవంతుడు. విత్తనములు మూట కట్టినది రాజు. కొమ్ము భగవంతునిది, ముడి రాజుది. సత్యవ్రతుడు ముడి వేయుటను ఎవరును అవిశ్వాసమని తలపలేదు. ఆజ్ఞాపించినవాడు స్వామియే గనుక ఆ యత్నము కైంకర్యమే యైనది.

దీనిపై ఒక ఆక్షేపణ కలదు. ప్రహ్లాదుని అగ్నిలో వేసిరి, కొండపైనుండి త్రోసిరి, సముద్రమున పడవేసిరి. అతడే రక్షణోపాయమును వెదకుకొనలేదు. శరణాగతునకు అతడే ఆదర్శము కాడా? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. కాని ప్రహ్లాదుడు పణముగా ఒడ్డినది తన ప్రాణమును మాత్రమే. అతని చేయి పట్టుకొని నడచు పసివాడు లేడు, అతని అరుగుపై లేవలేని వృద్ధురాలు లేదు, అతని పాకలో కట్టివేసిన ఆవు లేదు. గృహస్థుని స్థితి అట్టిది కాదు. ఆత్మనిక్షేపమనగా తన్ను తాను అప్పగించుకొనుట. ఎవ్వడైనను తనదానినే అప్పగింపగలడు. తన విశ్వాసము పేరిట పిల్లల ప్రాణములను, పనివారి ప్రాణములను, నోరులేని పశువుల ప్రాణములను గాలికి ఒప్పగించుటకు ఎవ్వనికిని అధికారము లేదు. వారు తన చేతిలో స్వామి ఉంచిన న్యాసము. న్యాసమును కాపాడుట విశ్వాసమునకు విరోధి యెట్లగును?

శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములలో ఆనుకూల్య సంకల్పము మొదటిది. సర్వభూతములును భగవచ్ఛరీరమే గనుక వానియెల్లవాని యెడ అనుకూలముగా వర్తించుటయే దాని భావమని పెద్దలు వివరించిరి. తుపానుకు ముందు చేయు సన్నాహము ఈ అంగమునకు ఆచరణరూపము. కావున శరణాగతుడు సిద్ధపడవచ్చునా యని అడుగుట కంటె, సిద్ధపడకుండుటకు అతనికి అధికారము కలదా యని అడుగుట యుక్తము.

ఈ ధర్మమునకు తెలుగుదేశ చరిత్రయే సాక్షి. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడెను. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రజలము ఊళ్ళను తుడిచిపెట్టెను. పదివేలమందికి పైగా మరణించిరి. ఆ పిమ్మట తీరమున తుపాను రక్షణ భవనములు వెలసెను. స్తంభములపై ఎత్తుగా నిర్మించిన ఈ భవనముల క్రిందినుండి నీరు సాగిపోవును, పైన జనులు నిలుతురు. మామూలు దినములలో వానిలో పెక్కు బడులుగా ఉపయోగపడును. 1990 మే 9న అంతటి బలముగల తుపానే కృష్ణాతీరమును తాకెను. అప్పటికి హెచ్చరికలును, లక్షలాది జనుల తరలింపును జరిగినందున మృతుల సంఖ్య వేయి లోపున నిలిచెను. అదియు అల్పము కాదు. కాని ఆ అంతరమున నిలిచిన ప్రాణములు వేలకొలది. సముద్రము మారలేదు, మనుష్యుల నడవడి మారినది.

విదేశములందున్న తెలుగువారికి వేరొక విధమైన గాలి ఎదురగుచున్నది. అమెరికాలోని ఓక్లహామా, టెక్సాస్ రాష్ట్రములలో టోర్నడో యను సుడిగాలి పుట్టును. దానిని చూచినవారికి గోకులమున బాలకృష్ణుని ఎత్తుకొనిపోయిన తృణావర్తుడు స్ఫురించును. తుపానుకు దినముల ముందే హెచ్చరిక వచ్చును, దీనికి నిమిషముల ముందు మాత్రమే. అందుచేత అక్కడి గృహస్థులు ఉక్కుతోనో కాంక్రీటుతోనో ఇంటనే చిన్న గదిని గాని, నేలమాళిగను గాని ఏర్పరచుకొందురు. ఉప్పెన వచ్చు చోట పైకెక్కుట రక్షణ, సుడిగాలి వచ్చు చోట నేలలోనికి దిగుట రక్షణ. ఉపాయము దేశమును బట్టి మారును, ధర్మము మారదు. 2013 మే 20న ఓక్లహామాలోని మూర్ పట్టణమున ఒక పాఠశాలపై సుడిగాలి పడగా ఏడుగురు పిల్లలు మరణించిరి. ఆ బడిలో రక్షణగది లేదు. గది కట్టవలెనా, వద్దా యని నిర్ణయించుట పిల్లల చేతిలో లేదు. అది పెద్దల చేతిలోనిది.

అయితే ఇంట రక్షణగది కట్టుకొన్నవానికి మరియొక ప్రశ్న ఎదురగును. గాలి లేచిన వేళ పొరుగువాడు తలుపు తట్టినచో ఏమి చేయవలెను? గది నలుగురికి కట్టినది, వెలుపల నిలిచినవారు మరి నలుగురు. ఇచ్చట గోవర్ధనోద్ధరణమును స్మరింపవలెను. ఏడు దినములు రాళ్ళవాన కురియగా స్వామి నందుని ఇంటికి మాత్రమే గొడుగు పట్టలేదు. గోపకులు తమ ఆలమందలతో, బండ్లతో, ఆశ్రితులతో కూడ గిరి క్రిందికి వచ్చిరి. ఆ నీడకు తలుపు లేదు. తలుపుగల గదిని కట్టుకొనుట దోషము కాదు. తలుపు మూయక తప్పని ఘడియయు వచ్చును. కాని ఆ ఘడియ రాకముందే ప్రక్కయింటివారు ఎచ్చటికి పోవుదురని విచారించుట, ఊరికి ఉమ్మడి రక్షణ ఉండునట్లు పాటుపడుట గది కట్టుకొన్నవాని విధి. తన గది తలుపు గట్టిదని సంతసించి అంతటితో తృప్తిచెందినవాడు గోవర్ధనకథను విన్నాడే గాని గ్రహింపలేదు.

వాతావరణ శాఖవారు తుపాను తీరమును తాకుటకు 72, 48, 24 గంటల ముందు క్రమముగా హెచ్చరికలు చేయుదురు. ఆ వ్యవధిలో గృహస్థు చేయవలసినది అధికము కాదు. త్రాగునీరు నింపి ఉంచవలెను. అటుకులు, బొరుగులు, బెల్లము, మందులు, దీపసాధనములు ఒకచోట చేర్చవలెను. పత్రములను తడియకుండ కట్టవలెను. నానిన మట్టిగోడల ప్రక్కన, పాతమిద్దెల క్రింద ఎవరిని పరుండనీయరాదు. పశువుల పలుపులు విప్పవలెను, కట్టివేసిన పశువు ఈదలేదు. పారుచున్న వంకను దాట యత్నింపరాదు. గాలి హఠాత్తుగా నిలిచిపోయినచో తుపాను కన్ను దాటుచున్నదని ఎరిగి లోపలనే ఉండవలెను, పిదప గాలి ఎదురుదిక్కునుండి వీచును. పొమ్మన్నప్పుడు పోవలెను. రాయలచెరువు కట్ట చివరకు నిలిచెను గనుక ఆనాటి తరలింపు వ్యర్థమనరాదు. తెగని కట్టకు స్వామికి కృతజ్ఞత చెప్పవలెను, మరల పిలుపు వచ్చినప్పుడు మరల కదలవలెను.

ఇంత చేసినను మిగులునది ఒకటి కలదు. ఎంతటి గోడయైనను కూలవచ్చును, ఎంతటి కట్టయైనను తెగవచ్చును. చేయవలసినదెల్ల చేసి, ఇది నా వలన కానిదని ఎరుగుటయే కార్పణ్యము. అది చేతులు ముడుచుకొన్నవానికి లభించునది కాదు. చేతులు అలసినవానికే లభించును. గజేంద్రుడు తన బలమంతయు వెచ్చించి పోరాడిన పిదప పిలిచెను, స్వామి పరుగెత్తి వచ్చెను. ఈ కార్తీకమున ఇంట దీపము పెట్టుచున్న భక్తులు, ప్రక్కయింటి దీపము గాలికి నిలుచునా యని ఒక్కమారు తొంగిచూతురు గాక! ఆ చూపును స్వామి తన అర్చనగానే స్వీకరించును.