దాచిన ముసలము

ధర్మార్థకామమోక్షములు నాల్గింటికిని ఆరోగ్యమే మూలమని ఆయుర్వేదాచార్యులు నిర్ణయించిరి. దేహము ధర్మసాధనము. దానిని కాపాడుకొనుట భోగము కొరకు కాదు, భగవత్కైంకర్యము కొరకు. కృష్ణా డెల్టాలో ఈ సత్యమును బోధించుటకు వేరే గురువు అక్కరలేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఇచ్చటి అనేక గ్రామములకు కాలువనీరే త్రాగునీరు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందుగా మంచినీటి చెరువును నింపుకొందురు. ఆ చెరువులో పశువులను దింపరాదనియు, బట్టలు ఉతుకరాదనియు కట్టుబాటు. ఒకని అజాగ్రత్త ఊరందరికిని రోగకారణమగును గదా! నీరు చెడిన పిమ్మట వైద్యుని వెదకుటకంటె చెడకముందే గట్టుమీద కావలి యుండుట మేలని పల్లెవాసులందరు ఎరుగుదురు.

యౌవనారంభము అట్టి చెరువు నిండు కాలము. పండ్రెండు మొదలు ఇరువది సంవత్సరముల నడుమ మనస్సున చేరినదే జీవితమంతయు త్రాగవలసిన నీరగును. ఆ నీటిలో మద్యమో, గంజాయియో, గుట్కాయో కలసెనని తెలిసిననాడు ఆ యింటివారు ఏమి చేయవలెను? బయట పెట్టినచో పరువు పోవునని భయము. దాచినచో బిడ్డ పోవునని భయము. వంశగౌరవమును నిలుపుట గృహస్థధర్మమే. బిడ్డను నిలుపుకొనుటయు గృహస్థధర్మమే. ఈ రెండును ఎదురుపడినపుడు దేనిని చేపట్టవలెను? ఈ సందేహమునకు సమాధానము శ్రీకృష్ణపరమాత్మ స్వయముగ నివసించిన ద్వారకలోనే లభించును.

మహాభారతమున మౌసలపర్వము చెప్పు వృత్తాంతమిది. విశ్వామిత్ర కణ్వ నారద మహర్షులు ద్వారకకు విచ్చేసిరి. యాదవకుమారులు వారిని పరిహసింపదలచి, సాంబునకు గర్భిణీవేషము వేసి, ఈమెకు ఏ సంతానము కలుగునని అడిగిరి. వంశనాశకమగు ముసలము కలుగునని మునులు శపించిరి. అట్లే ఇనుపరోకలి పుట్టెను. పెద్దలు దానిని పొడి చేయించి సముద్రమున కలిపించిరి. తప్పు చేసిన కుమారులను మహర్షుల పాదములపై పడవేసినట్లుగాని, క్షమ వేడించినట్లుగాని అందు కానరాదు. భాగవతము ఏకాదశస్కంధమునందును కుమారులు రాజునకు విన్నవించుట కలదే గాని, ఆపన్నివారకుడు నట్టింటనే యుండగా ఆయనను శరణువేడుట లేదు. కంటికి కనబడకుండ చేసిన ఆపద తొలగినట్లేయని వారు తలచిరి. ఆ పొడియే తీరమున తుంగయై మొలచెను.

ముసలమును దాచిన పిమ్మట వారు శాసనము చేసిరి. నగరమున ఎవ్వరును మద్యము చేయరాదనియు, రహస్యముగ చేసినవానిని బంధువులతో కూడ కొరత వేయుదుమనియు చాటింపు వేయించిరి. అది బలరామకృష్ణుల యాజ్ఞ. అంతకంటె కఠినమైన శిక్షగాని, అంతకంటె గొప్ప పాలకులుగాని ఏ దేశమునకు లభింతురు? ఐనను ప్రభాసతీర్థమునకు యాత్ర వెడలినపుడు మద్యము వారి వెంట వెళ్ళెను. శ్రీకృష్ణుని సన్నిధియందే కృతవర్మ, సాత్యకి మొదలగు పెద్దలు త్రాగిరి. పెద్దలు పాత్ర నెత్తగా పిన్నలను వారించువారెవరు? మత్తులో పాతపగలు మేల్కొన్నవి. సాత్యకి కృతవర్మ శిరస్సును ఖండించెను. ప్రద్యుమ్నుడు కూలెను. చేతికందిన తుంగపరక యెల్ల ముసలమయ్యెను.

అది భూభారహరణార్థమైన భగవత్సంకల్పమని పెద్దలందురు. సత్యమే. సంకల్పము భగవంతునిది, కాని పరిహాసమాడిన నోరు, దాచిన చేయి, పాత్ర నెత్తిన పెదవి మానవులవి. కొడుకు చెడుటకు విధినే నిందించు గృహస్థుడు ఈ భేదమును గుర్తింపవలెను.

కృష్ణవేణీతీరమున ఈ కథ నేడు మిక్కిలి అవసరమైనది. విజయవాడ ఒక మహాకూడలి. చెన్నై నుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదు నుండి మచిలీపట్నమునకు పోవు రహదారియు ఇచ్చట కలియును. దక్షిణమధ్య భారతమున ముఖ్యమైన రైలుకూడలియు ఇదియే. ఆంధ్ర ఒడిశా సరిహద్దు కొండలలో దొంగచాటుగ పండించు గంజాయికి ఇది దారి. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట పోలీసులు మన్యమున వేలాది ఎకరముల గంజాయి తోటలను నాశనము చేసిరి. 2024లో మాదకద్రవ్యముల నరికట్టుటకు ఈగల్ అను ప్రత్యేక విభాగమును రాష్ట్రప్రభుత్వము నెలకొల్పెను. మరియొక వైపు, ఇంటర్మీడియట్, ఇంజనీరింగు చదువులకై వేలాది బాలబాలికలు తల్లిదండ్రులను విడిచి ఈ నగరపు హాస్టళ్ళలో నివసించుచున్నారు. సరకు నడచు దారియు, ఒంటరితనమెరిగిన వయస్సును ఒకే ఊరిలో చేరినవి.

2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము దేశమున 10 మొదలు 75 ఏండ్ల వయస్సు వారిలో నూటికి 14.6 మంది మద్యము త్రాగుచున్నారు. అందొక విషయము తల్లిదండ్రులు ప్రత్యేకముగ గమనింపదగినది. జిగురు, తప్పులు చెరుపు తెల్లని ద్రవము, పెట్రోలు వంటి వాటిని పీల్చు అలవాటు పెద్దలలో నూటికి 0.58 కాగా, 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో 1.17. పిల్లలు పెద్దలను మించిన మత్తు ఇదియొక్కటే. పోలీసు తనిఖీకి చిక్కునది కాదిది. పుస్తకముల సంచిలోనే యుండును. ద్వారక శాసనము చేరలేకపోయిన చోటు ఇట్టిదే. అచ్చటికి చేరగలిగినది తల్లి కన్ను, తండ్రి పలకరింపు, గురువు శ్రద్ధ మాత్రమే.

యుక్తాయుక్తములను విచారించు మెదడు భాగము ఇరువదియైదేండ్ల ప్రాంతమున గాని పూర్తిగ పరిణతి చెందదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అందుచేత ఎంత చిన్న వయస్సున మొదలైన మత్తు అంత గట్టిగ బంధించును. పసితనమున గంజాయికి అలవడినవారికి మతిభ్రమణపు ముప్పు అధికము. గీతాచార్యుడు చెప్పిన క్రమమును సాధకులెరుగుదురు: విషయచింతన సంగమునకు, సంగము కామమునకు, కామము క్రోధమునకు, క్రోధము స్మృతినాశమునకు దారితీయును. వ్యసనము మొదటిమెట్టున నున్నపుడు ఒక మంచిమాట చాలును. చివరిమెట్టున వైద్యుడు కావలెను.

కాని యిండ్లలో జరుగుచున్నదేమి? మొదట తెలియనట్లు నటింతురు. పిమ్మట బాలుని మేనమామ ఊరికి పంపుదురు. చిట్టచివరకు, పెండ్లి చేసిన బాగుపడునని ఒక అమాయకురాలిని తెచ్చి ముడివేయుదురు. రోకలిని అరగదీయించి సముద్రమున కలుపుట యనగా ఇదియే. తమ పరువును నిలుపుకొనుటకై పరుని కుమార్తె బ్రతుకును ఒడ్డుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు. మరి యింటిగుట్టు లంకకు చేటని సామెత కలదు గదాయని కొందరందురు. విభీషణుడు మొదట గుట్టును పరులకు చెప్పలేదు. సభలో అన్నకే హితము చెప్పెను. ఆ మాట వినని కారణముననే లంక చెడెను. హితము పెడచెవిని పెట్టబడినపుడు రక్షింపగలవాని చెంతకు పోయెను. దానినే వైష్ణవులు శరణాగతి యనిరి. వీధిలో చాటుట వేరు, రక్షింపగలవానికి నివేదించుట వేరు. మొదటిది బిడ్డను అవమానించును, రెండవది బ్రతికించును.

నివేదించుటకు మార్గములు కలవు. విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యవిభాగమున్నది. 14446 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ సలహా లభించును. స్వచ్ఛందముగ చికిత్సకు వచ్చిన వ్యసనపరులకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమే 64ఏ సెక్షనున నిబంధనలకు లోబడి అభియోగమునుండి రక్షణ కల్పించినది. దండించు చట్టము సైతము తలుపు తెరచి యుంచగా, కన్నవారు మూసికొనుట న్యాయమా?

దుఃఖమును బయటికి చెప్పుట బలహీనత కాదని తెలుగు తల్లులే లోకమునకు చాటిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరదీపపు తరగతులలో ఒకరితో నొకరు తమ యింటి సారాకష్టము చెప్పుకొనిరి. ఎవరికి వారు సిగ్గుతో దాచుకొన్నది అందరి కథయని తేలెను. ఆ మాటలనుండియే సారా వ్యతిరేకోద్యమము పుట్టెను. 1993లో సారా నిషేధింపబడెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. శాసనము రావచ్చును, పోవచ్చును. భారత రాజ్యాంగము 47వ అధికరణమున పోషకాహారమును, ప్రజారోగ్యమును, మత్తుపదార్థముల నిషేధమును ఒక్కచోటనే చేర్చినది. మంచినీరు, దోమల నివారణ ఎట్లు ఊరుమ్మడి బాధ్యతలో, యువకుల రక్షణయు అట్లేయని దాని భావము. విద్యాలయమునకు నూరు గజములలోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ నూరు గజములే ఈనాటి చెరువుగట్టు. అచ్చట కావలి యుండవలసినది పోలీసులు మాత్రమే కాదు, ఊరి పెద్దలు.

పెద్దలకు ఆ యోగ్యత ఎట్లు కలుగును? శుక్రాచార్యుని చరిత్ర దానిని తెలుపును. అసురులు కచుని భస్మమును మద్యమున కలిపి ఇచ్చిరి. మత్తులో శుక్రుడు ప్రియశిష్యుని బూడిదను త్రాగెను. తెలిసిన పిమ్మట ఆయన దానిని కప్పిపుచ్చలేదు. తానే బాధితుడనియు చెప్పుకొనలేదు. తన తప్పును ముందు నిలుపుకొని, మద్యపానము మహాపాతకమని కట్టడి చేసెను. సంక్రాంతి కోడిపందెముల బరిలోను, పెండ్లిపందిరి వెనుకను తాను త్రాగుచు కుమారుని త్రాగవద్దనువాని మాట ప్రభాసతీరపు మాట. తన పాత్రను ముందుగ దించినవాని మాట శుక్రుని మాట. పిల్లలు ఈ రెండింటికిని భేదము నెరుగుదురు.

మండలదీక్ష పట్టి నలువదియొక్క దినములు మద్యము మానినవారు డెల్టాలో అనేకులు. మానగలనని తనకు తాను నిరూపించుకొనుట సామాన్యము కాదు. అసలైన దీక్ష నలువదిరెండవ నాడు మొదలగును. ఐతే చాలకాలము అధికముగ త్రాగినవారు ఒక్కసారిగ మానినచో మూర్ఛలు, సన్నిపాతము కలిగి ప్రాణాపాయమేర్పడవచ్చును. కనుక అట్టివారు వైద్యుని సలహాతోనే మానవలెను. మరల ఒకసారి జారినచో దీక్ష వృథాయని విడిచిపెట్టరాదు. జారుట రోగలక్షణము, లేపుట బంధుధర్మము.

విజయవాడకు చేరువనున్న మంగళగిరి కొండపై పానకాల నృసింహస్వామికి బెల్లపు పానకమును నోట పోయుదురు. స్వామి సగము స్వీకరించి, సగము భక్తునికే ప్రసాదముగ తిరిగి యిచ్చునని ప్రసిద్ధి. చేదును దాచుకొని త్రాగువాడు ఒంటరిగ త్రాగును. తీపిని స్వామికి సమర్పించినవాడు పదిమందితో పంచుకొనును. బిడ్డ పొరపాటును కూడ ఆ సన్నిధిలో నివేదించి, వైద్యుని యొద్దకు కొనిపోయినవారికి సిగ్గుపడవలసిన పని లేదు. ముసలము ఇంటిలో కనబడిననాడే శ్రీకృష్ణుని పాదములచెంత నుంచుట మేలు. తుంగ మొలచిన పిమ్మట తీరమున వగచుటవలన ఫలము లేదు.