సరేనన్నంత మాత్రాన సరసమైన ధర అవుతుందా?

అమ్మేవాడు ఒక ధర చెప్పాడు, కొనేవాడు సరేనని డబ్బు చేతిలో పెట్టాడు. బలవంతం లేదు, మోసం లేదు. అయినా ఆ బేరం అన్యాయం కావచ్చునా? కావచ్చునని పత్తి విత్తనం మనకు నేర్పింది.

బి.టి. పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. అంతకు ముందు కాయతొలుచు పురుగు ఈ వినుకొండ చుట్టుపక్కల రైతులను ఎంత ఏడిపించిందో పెద్దలకు గుర్తే. కొత్త విత్తనం పురుగును తట్టుకుంటుందనగానే జనం ఎగబడ్డారు. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. అందులో సగానికి పైగా మహికో మోన్‌శాంటో సంస్థ తన సాంకేతిక పరిజ్ఞానానికి తీసుకునే రుసుమే. అలాంటి విత్తనం కావాలంటే అప్పటికి మరో గుమ్మం లేదు.

2006లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. రుసుము తగ్గించాలని కమిషన్ ఆదేశించింది. రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. చిత్రమేమంటే, ఈ పని 1969 నాటి పాత చట్టంతోనే జరిగింది. పార్లమెంటు 2002లోనే కొత్త పోటీ చట్టం చేసినా, ఫిర్యాదులు విని చర్య తీసుకునే అధికారం 2009లో గాని అమలుకు రాలేదు. ఏడేళ్లు కత్తి ఒరలోనే ఉంది!

కొత్త చట్టం చెప్పేది సబబుగానే ఉంది. పెద్దగా ఎదగడం తప్పు కాదు, ఆ పెద్దరికాన్ని అడ్డుపెట్టుకొని అన్యాయపు ధర గుంజడం తప్పు. పునీత తోమాసు అక్వీనాసుగారు 13వ శతాబ్దంలోనే ఇంకా లోతుకు వెళ్లారు. సరుకు వదులుకున్నందువల్ల అమ్మేవానికి నష్టముంటే దానిని ధరలో కలుపుకోవచ్చునన్నారు. కాని కొనేవానికి అవసరం ఎక్కువైందన్న ఒక్క కారణంతో ధర పెంచరాదు. ఆ అవసరం కొనేవానిది గదా, తనది కానిదాన్ని ఎవరైనా ఎలా అమ్ముకుంటారు? కనుక పరిశోధనకు పెట్టిన ఖర్చును కంపెనీ అడగవచ్చు. అడగనివ్వాలి కూడా, లేకపోతే రేపు కొత్త విత్తనం ఎవరు తయారుచేస్తారు? పురుగంటే రైతుకున్న భయాన్ని మాత్రం తిరిగి ఆ రైతుకే అమ్మరాదు. ఏది ఖర్చు, ఏది భయం అని విడదీయడం దగ్గరే న్యాయాధిపతులకు తల ప్రాణం తోకకు వస్తుంది.

ఆ 750 రూపాయలు ప్రభుత్వం పెట్టిన ధర, పోటీ తెచ్చిన ధర కాదు. ధర తగ్గింది గాని గుమ్మాలు పెద్దగా పెరగలేదు. అందుకే పదేళ్ల తరువాత అదే రుసుముపై ఫిర్యాదు కొత్త కమిషన్ ముందుకు వెళ్లింది. 2016లో దర్యాప్తుకు ఆదేశాలు వెలువడ్డాయి.

కంపెనీలను తిట్టడం మనకు సులభం. విత్తనం, పురుగుమందు అరువిచ్చిన కొట్టుకే పంట తోలాలన్న కట్టుబాటు సంగతేమిటి? గుంటూరు మిర్చి యార్డులో ఎందరు కొనుగోలుదారులున్నా, అప్పున్న రైతు టిక్కీలు దించేది ఒకే కమిషన్ కొట్టు దగ్గర. దేశపు మార్కెట్లో ఆ కొట్టు చీమంత. ఆధిపత్యానికి చట్టం పెట్టిన కొలతలో అది పడదు, దానిమీద ఢిల్లీకి ఫిర్యాదూ వెళ్లదు. ఆ కాటాకు అటు నిలబడినవాడు, ఇటు నిలబడినవాడు ఒక్కోసారి మన విచారణవారే, ఆదివారం ఒకే పూజకు వచ్చేవారే.