దోషమెచ్చట నున్నది?

తలపెట్టిన సత్కార్యమునకు నడుమ ఆటంకము కలిగినపుడు మానవుని మనస్సున మొదట పుట్టు ప్రశ్న "ఎందువలన?" అనునది కాదు, "ఎవరివలన?" అనునది. ఈ రెండు ప్రశ్నలకు నడుమనున్న భేదము పైకి స్వల్పముగా తోచును. కాని మొదటిది కారణమును వెదకును. రెండవది నిందను మోయుటకు ఒక తలను వెదకును. తీర్థయాత్రకు బయలుదేరిన భక్తుని విషయమున ఈ భేదము మరింత గమనింపదగినది. ఏలయన అతడు తన దారిలోని ఆటంకమునకు దైవసంకల్పమనియో దుశ్శకునమనియో పేరు పెట్టి, ఆ పేరు చాటున విచారణను మానుకొనును. అట్టి సమయమున కారణమును వెదకుట భక్తికి లోపమా? వెదకక యుండుటయే లోపమా? ఈ ప్రశ్నను ఒక దృష్టాంతముతో విచారింతము.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, నల్లరేగడి నేలల నడుమ, పత్తి వ్యాపారమునకు పేరుగాంచిన ఆదోని పట్టణము కలదు. అచ్చటి గృహస్థులు రణమండల కొండపై వెలసిన ఆంజనేయస్వామిని సేవించి, ఎమ్మిగనూరు మీదుగా తుంగభద్రా తీరమందలి మంత్రాలయమునకు పోవుట వాడుక. ఆదోని నుండి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. అచ్చటినుండి మంత్రాలయము ఇరువది కిలోమీటర్ల పైచిలుకు. ఒక వైశాఖమాసమున ఒక కుటుంబము తమ పాత అంబాసిడర్ కారులో ఈ దారిని బయలుదేరినదని భావింపుడు. ఆ కారు కొత్తది దొరకునది కాదు. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1950ల చివరినుండి తయారైన ఆ బండ్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. తండ్రి కొన్న బండి గనుక కుమారుడు దానిని అమ్మలేదు.

బండి కదలబోవు సమయమున ఇంటిలో మరచిన నీళ్ల చెంబును తీసికొని ఆ గృహస్థుని మేనత్త వాకిటినుండి ఎదురుగా వచ్చినది. ఆమె వితంతువు. ఎవరును ఏమియు అనలేదు. ఆమె చెంబుతో వచ్చి వెనుక కూర్చున్నది. దారి సగము గడచునప్పటికి, నడియెండలో, బండి రెండుమూడు మారులు త్రేనుపులు తీసినట్లై నిలిచిపోయినది. చుట్టును చెట్టు నీడ లేదు. అప్పుడు ముందు సీటునుండి ఒక మాట వచ్చినది: "బయలుదేరునపుడే ఎదురైనది, ఇంకేమి సాగును!" ఆ మాటకు మేనత్త, "నేనిట దిగి బస్సెక్కి ఇంటికి పోతాను నాయనా, మీరు స్వామి దర్శనము చేసికొని రండి" అన్నది. ఆమెను వారించిన వారు లేరు.

బండి నడుపువాడు వయసు మళ్లినవాడు. అతడు ఈ సంభాషణలో చేరక బానెట్టు ఎత్తి చూచినాడు. "ఎండకు పెట్రోలు ఆవిరైనదేమో సామీ" అన్నాడు. ఆ ఊహ నిరాధారమైనది కాదు. వేసవిలో ఇంజను వేడికి పంపులోను సన్నని గొట్టములోను పెట్రోలు మరిగి ఆవిరియగును. పంపు ద్రవమును తోయగలదు గాని ఆవిరిని తోయజాలదు, కార్బురేటరునకు ఇంధనము చేరదు, బండి నిలుచును. దానికి చికిత్స తడిగుడ్డ. మేనత్త తెచ్చిన చెంబు నీళ్లతోనే గుడ్డ తడిపి పంపుపైని, గొట్టముపైని చుట్టినారు. అరగంట గడచిన పిమ్మట బండి కదలినది. అందరును స్వామిని స్మరించినారు. నాలుగైదు కిలోమీటర్లు పోవునంతలో అది మరల నిలిచినది. ఈ మారు గృహస్థుని కోపము డ్రైవరుపై విరుచుకుపడినది.

ఇచ్చట మన శాస్త్రములు చెప్పిన అనుమాన ప్రమాణమును స్మరింపవలెను. ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను మూడును వైష్ణవాచార్యులు అంగీకరించిన ప్రమాణములు. పొగను చూచి నిప్పు కలదని ఊహించుట సరియైన అనుమానము. కాని నిప్పును చూచి పొగ కలదనుట సరి కాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుప గుండునందు నిప్పు కలదు, పొగ లేదు. అట్లే పెట్రోలు ఆవిరియైన బండి నిలుచుట నిజమే. నిలిచిన ప్రతి బండిలోను పెట్రోలు ఆవిరియైనదనుట నిజము కాదు. తడిగుడ్డ వేసిన పిమ్మట కదలినది గనుక ఆవిరియే కారణమని నిశ్చయించుటయు తొందరపాటే. ఆ అరగంటలో పెట్రోలు గొట్టమొక్కటే చల్లబడలేదు. ఇంజనుతోపాటు దానిని అంటియున్న భాగములన్నియు చల్లబడినవి. వేడిలో చెడి, చల్లబడిన పిమ్మట పనిచేయు భాగము మరియొకటి యున్న యెడల దాని లక్షణమును ఇట్లే యుండును. ఒకే చిహ్నము రెండు వ్యాధులకు చెల్లునపుడు వైద్యుడు చిహ్నమును నమ్మి ఊరకుండడు. ఆ రెండింటిని వేరుచేయు పరీక్షకై వెదకును.

డ్రైవరు చేసినది అదియే. అతడు తిట్లకు బదులు చెప్పలేదు. ఒక ప్లగ్గునుండి తీగను ఊడదీసి, పొడిగుడ్డతో పట్టుకొని, దాని కొనను ఇంజను లోహమునకు దగ్గరగా నుంచి, స్టార్టరు తిప్పుమన్నాడు. ఆరోగ్యముగా నున్న బండిలో అచ్చట నీలిరంగు నిప్పురవ్వ చిటుక్కున దూకవలెను. ఇచ్చట పసుపుపచ్చని సన్నని రవ్వ కనబడి కనబడనట్లు మెరసినది. వేడి తగ్గిన పిమ్మట పంపు మీటను చేతితో ఆడించి చూడగా పెట్రోలు ధారగా వచ్చినది. కనుక దోషము ఇంధనమున లేదు, విద్యుత్తున నున్నది. డిస్ట్రిబ్యూటరు మూత తీయగా పాయింట్లు నల్లగా మాడి గుంటలు పడియున్నవి. ఆ పాయింట్లు విడివడిన ప్రతిమారును కాయిలునందు వేలకొలది వోల్టుల శక్తి పుట్టి ప్లగ్గునకు చేరును. వాని నడుమ వృథాగా రవ్వ రేగకుండ కాపాడునది కండెన్సరు అను చిన్న గొట్టమువంటి వస్తువు. అది చెడినచో పాయింట్లు మాడును, ప్లగ్గులోని రవ్వ నీరసించును. వేడి హెచ్చిన కొలది దాని దోషమును హెచ్చును.

"కండెన్సరు పోయినది సామీ" అన్నాడు డ్రైవరు. అంతకు మించి ఏమియు అనలేదు. కాని గృహస్థునకు జ్ఞాపకము వచ్చినది. ఉగాదినాడు బండి కడుగుచు ఆ వృద్ధుడు, పాయింట్లు మాడుచున్నవి, ఆ వస్తువును మార్చవలెనని చెప్పియుండెను. "మంత్రాలయము పోయివచ్చిన పిమ్మట చూతములే" అని తానే అనియుండెను. అది ఖర్చుకు వెనుకాడదగినంత వస్తువు కాదు. దానిని మార్చుటకు ఒక పూట చాలును.

నింద ఎట్లు ప్రయాణము చేసినదో గమనింపుడు. మొదట అది ఒక అనాథ స్త్రీపై వ్రాలినది. పిమ్మట ఎండపై వ్రాలినది. ఆ పిమ్మట జీతగానిపై వ్రాలినది. తుట్టతుద తన యజమాని గృహమునకు చేరినది. మొదటి మూడు చోట్లను దానిని నిలిపినవారికి పరీక్షతో పనిలేక పోయినది. మేనత్త ఎదురువచ్చుటకును కండెన్సరు చెడుటకును ఏ సంబంధమును లేదు. ఆమె రాకమునుపే, ఉగాదినాటికే అది చెడుచుండినది. పరీక్ష చేయని ఊహ ఎప్పుడును బలహీనుల ఇంటి తలుపునే ముందుగా తట్టును. వారు తిరిగి మాటాడరు గనుక ఆ ఊహ నిజమువలె చెలామణి యగును. విచారణ కేవలము బుద్ధికి సంబంధించిన పని కాదు, అది ధర్మమునకు సంబంధించిన పనియని చెప్పుటకు ఇదియే హేతువు. కారణమును వెదకని వానిచేత నిరపరాధి దండింపబడును.

అయినచో దైవమునకు ఇందు చోటు లేదా? గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఏ కర్మకైనను ఐదు కారణములను చెప్పినాడు: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. ఆ దైవము అంతర్యామియైన పరమాత్మయే యనియు, అదియే ప్రధానమనియు భగవద్రామానుజులు భాష్యమున వివరించిరి. ప్రధానమైనను అది తక్కిన నాల్గింటిని తుడిచివేయదు. వాని లోపలనుండి వానిని నడపును. నాల్గింటిని చూడక ఐదవదానికి దుముకువాడు దైవమును గౌరవించుట లేదు. తన సోమరితనమునకు దైవమును సాక్షిగా నిలుపుచున్నాడు. జీవుని కర్తృత్వమును విచారించునపుడు శ్రీభాష్యము ఒక లౌకికమైన ఉపమానమును గైకొన్నది. ఇద్దరికి ఉమ్మడిగా నున్న ఆస్తిని ఒకడు మూడవవానికి ఈయదలచిన యెడల రెండవవాని అనుమతి కావలెను. అయినను ఆ అనుమతిని కోరి పొందినవాడు మొదటివాడే గనుక ఫలము వానిదే యగును. భగవంతుని అనుమతి లేక ఏ పనియు జరుగదు. కాని తొలి ప్రయత్నము జీవునిది, దానికి బాధ్యతయు జీవునిదే. "చూతములే" అని గడపిన దినములకు భగవంతుని బాధ్యుని చేయుట తగదు.

శరణాగతి మార్గమున నడచువారు, "మేము పిల్లికూనవంటివారము, తల్లియే నోట కరచి తీసికొనిపోవును, మాకు యత్నమేల?" అని అడుగవచ్చును. మార్జాలకిశోర న్యాయము మోక్షోపాయమును గూర్చి చెప్పబడినది. నిత్యకృత్యములను విడుచుటకు అనుమతి పత్రము కాదు. శరణాగతికి అంగములుగా ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము అనునవి మొదటనే చెప్పబడినవి. భగవంతునకు ప్రీతియగు దానిని చేయుదుననుట మొదటిది. అప్రీతియగు దానిని విడుతుననుట రెండవది. తనను నమ్మి వెంటవచ్చిన వృద్ధురాలి మనస్సును నొప్పించుటకన్న ప్రాతికూల్యమేమున్నది? కార్పణ్యమను అంగమునకు తన అల్పత్వమును ఎఱిగి గర్వమును విడుచుట యని అర్థము. "దోషము నాలో నున్నది" అని అంగీకరించుట ఆ కార్పణ్యమునకు తొలిమెట్టు.

ఈ ప్రాంతపు సంప్రదాయ చరిత్రయే ఇందుకు ఒక సాక్ష్యమును చూపుచున్నది. 1671లో మంత్రాలయమున బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారి కథలో వెంకన్న అను నిరక్షరాస్యుడైన బాలుడు కనబడును. ఆదోని పాలకుడు దారిలో తనకు వచ్చిన లేఖను ఆ బాలుని చేతికిచ్చి చదువుమని గద్దించెను. బాలుడు గురువును స్మరించి లేఖను విప్పి చూడగా అక్షరములు బోధపడెననియు, పిదప అతడు ఆదోనికి దివానుగా నియుక్తుడయ్యెననియు పెద్దలు చెప్పుదురు. గురువు అనుగ్రహము లేఖను విప్పి చూచిన కన్నులకు కలిగినది. లేఖను పారవైచి పోయిన చేతులకు కాదు. ఎమ్మిగనూరు చేనేతపనివారిని చూచినను ఈ సత్యమే తోచును. అచ్చట 1938లో మాచాని సోమప్పగారి పూనికతో చేనేత సహకార సంఘము ఏర్పడినది. నేయువాని మగ్గముపై పోగు తెగినచో అతడు మగ్గమును తిట్టడు. తెగిన కొనలను వెదకి ముడివేయును. ముడి పడిన పిమ్మటనే నాడె మరల ఆడును.

ఆ కుటుంబపు కథ త్వరలోనే ముగిసినది. డ్రైవరు ఒక లారీనెక్కి ఎమ్మిగనూరు పోయి కండెన్సరును తెచ్చినాడు. పాయింట్లను సన్నని ఆకురాయితో రుద్ది, వాని నడుమ ఎడము మిల్లీమీటరులో పదింట నాలుగు పాళ్లకు మించకుండ ఒక అట్టముక్కతో సరిచూచి బిగించినాడు. ఈ మారు ప్లగ్గు తీగ కొనయందు నీలిరవ్వ దూకినది. బండి కదలుటకు ముందు గృహస్థుడు మేనత్త చెంతకు పోయి, "అత్తా, తప్పు నాది. నీవు రానిది నేను దర్శనమునకు పోను" అన్నాడు. డ్రైవరుతోను ఆ మాటయే చెప్పినాడు. వారు మంత్రాలయము చేరునప్పటికి సాయంకాల దీపములు వెలిగినవి.

దర్శనమునకు ఆలస్యమైనదని వారు చింతింపవలసిన పని లేదు. అన్ని యాత్రలును గర్భాలయపు గడపయొద్దనే ఆరంభము కావు. తనలోని దోషమును తానే వెదకి కనుగొని, అన్యాయముగా నొచ్చిన మనస్సును ఊరడించి పోవు భక్తుడు దారిలోనే సగము సేవ చేసినవాడగును. ఆటంకము కలిగినపుడు "ఎవరివలన?" అని కాక "ఎందువలన?" అని అడుగు బుద్ధిని, ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానము తనవైపే చూపినపుడు తలవంచు ధైర్యమును శ్రీమన్నారాయణుడు భక్తులందరికి అనుగ్రహించుగాక!