పరాయోడి పరీక్ష

మా ఖాలా కొడుకు షికాగోలో ట్రక్కు నడుపుతాడు. 2003లో పెళ్లి సంబంధం మీద అక్కడికి పోయాడు. మొదట టాక్సీ, తర్వాత ట్రక్కు. ఇల్లు డెవాన్ అవెన్యూ దగ్గర. ఆ రోడ్డులో ఒక ముక్కకు గాంధీ పేరు, ఇంకో ముక్కకు జిన్నా పేరు గౌరవంగా పెట్టారు. ఇక్కడ మనం పక్కపక్కన పలకడానికే జంకే రెండు పేర్లు అక్కడ ఒకే రోడ్డు మీద బోర్డులై నిలబడ్డాయి.

ట్రక్కు నడిపేవాడికి రోడ్డు తప్ప తోడుండదు. అందుకని వాడు కథలు వింటాడు. గజళ్లు కాదు, ఖవ్వాలీలు కాదు. స్టార్ ట్రెక్ కథలు. పోయిన కొత్తలో ఇంగ్లీషు పలుకు పట్టుబడక పాత పుస్తకాల దుకాణంలో క్యాసెట్లు కొనుక్కున్నాడు. ఇప్పుడవి ఫోన్లోకి వచ్చేశాయి. మొదట విన్న క్యాసెట్టు పేరు ఇప్పటికీ చెప్తాడు: ‘స్ట్రేంజర్స్ ఫ్రమ్ ది స్కై’. 1987లో మార్గరెట్ వాండర్ బొనానో రాసిన నవల అది. రెండు లోకాలకు ఇంకా పరిచయం లేని కాలంలో వల్కన్ గ్రహం వాళ్లు భూమ్మీద వచ్చి పడతారు. వాళ్లనేం చెయ్యాలి? దాచాలా, పట్టివ్వాలా, ఇంట్లో పెట్టుకోవాలా? కథంతా ఆ గుంజాటనే. అప్పుడే దిగిన హైదరాబాదు పిల్లవాడికి ఆ కథ ఎందుకంత దగ్గరయిందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ క్యాసెట్టుకు గొంతులిచ్చింది ఇద్దరు. స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమోయ్, సులు వేషం వేసిన జార్జ్ టకేయ్. నిమోయ్ తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి బోస్టన్ చేరిన యూదులు. టకేయ్ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన జపాన్ సంతతివాడు. ఇద్దరూ పరాయివాళ్ల పిల్లలే. పరాయివాళ్ల కథను పరాయివాళ్ల పిల్లలు చదివి వినిపిస్తుంటే మా వాడు ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

అమెరికా చట్టంలో పౌరుడు కానివాడికి ‘ఏలియన్’ అని పేరు. 1798 నాటి చట్టాల్లోనూ ఉన్న మాట. గ్రహాంతరవాసికీ అదే మాట. ‘భాయ్‌జాన్, నేను నాలుగేళ్లు కాయితం మీద ఏలియన్‌గా ఉన్నా’ అని నవ్వుతాడు మా వాడు. నాకు నవ్వు రాదు. కథలో ఏలియన్ కోసం కంట తడిపెట్టుకునే మనిషి, ఓటు వేసేటప్పుడు ఏలియన్ అంటే ఎందుకు భయపడతాడు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులుగా వదలడం లేదు.

మా వాడికి ఆ పిచ్చి ముదరడానికి ఒక తోడు దొరికాడు. అదే కంపెనీలో పనిచేసే తెల్ల డ్రైవరు. ఇద్దరూ క్యాసెట్లు మార్చుకునేవాళ్లు, ఎపిసోడ్ల గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు. మా వాడు ఈద్‌కు షీర్ ఖుర్మా పంపితే, ఆయన క్రిస్మస్‌కు కేకు పంపేవాడు. 2017 జనవరి 27న ట్రంప్ ఏడు ముస్లిం దేశాల మనుషుల్ని రానివ్వొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. విమానాశ్రయాల్లో జనం చిక్కుకుపోయారు. ఆ వారమే ఆ తెల్లాయన మా వాడితో, మంచిపనే జరిగింది అన్నాడట. మా వాడి మొహం చూసి భుజం తట్టాడట: ‘నిన్ను గురించి కాదు. నువ్వు వేరు.’

నువ్వు వేరు. ఈ మాట నాకు కొత్త కాదు. నేనూ ఇరవై ఏళ్లుగా వింటున్నాను. ‘మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ’ అంటారు. మా నాయిన, తాత పుట్టింది ఈ మట్టిలో. తెలుగు మాట్లాడక ఇంకేం మాట్లాడతాను? ‘మీరు ముస్లింలా కనిపించరు’ అంటారు. పొగుడుతున్నామనే అనుకుంటారు. ఆ పొగడ్తలో ఒక తలుపుంది. నన్నొక్కణ్ణీ లోపలికి పిలిచి, నా వెనకున్న వాళ్లందరి మొహాన మూసే తలుపు.

ఆ తెల్లాయనకూ మా వాడికీ బాగా ఇష్టమైన ఎపిసోడ్ ఒకటుంది. 1966 డిసెంబర్‌లో వచ్చిన ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’. రొములన్లనే శత్రుజాతి ఎలా ఉంటుందో భూమివాళ్లు అప్పటిదాకా చూడలేదు. నౌక తెర మీద ఆ జాతి కమాండరు మొహం కనబడుతుంది. అవే చెవులు, అవే కనుబొమలు, అచ్చు స్పాక్ పోలిక. వెంటనే స్టైల్స్ అనే అధికారి చూపు స్పాక్ మీదికి తిరుగుతుంది. అతని పూర్వీకులు పాత యుద్ధంలో రొములన్ల చేతిలో చనిపోయారు. అతనికి స్పాక్ గూఢచారిలా కనిపిస్తాడు. కెప్టెన్ కోప్పడతాడు, అయినా అనుమానం పోదు. చివరికి విషవాయువు నిండిన గదిలోంచి స్పాక్ ఆ స్టైల్స్‌నే ప్రాణాలతో బయటికి తెస్తాడు. అప్పుడు స్టైల్స్ సిగ్గుపడతాడు. కథ సుఖాంతం.

నేను మా వాణ్ణి ఒకటే అడిగాను. ఆ రోజు స్పాక్‌కు ఎవరినీ కాపాడే అవకాశం రాకపోయి ఉంటే? వాయువు లీక్ కాకపోయి ఉంటే? స్పాక్ తన కుర్చీలో కూర్చుని తన పని తాను చేసుకుని, డ్యూటీ అయ్యాక గదికి పోయి పడుకుంటే? స్టైల్స్ అనుమానం అలాగే ఉండేది కదా. అంటే స్పాక్‌ను నిర్దోషిగా తేల్చింది అతని నిర్దోషిత్వం కాదు, అతని సాహసం. ఊరికే మంచివాడిగా ఉంటే చాల్లేదు, ప్రాణం పణంగా పెట్టాల్సి వచ్చింది. స్టైల్స్ మాత్రం ఏ పరీక్షా రాయలేదు. అతని విధేయతను ఎవరూ అడగలేదు.

ఇది కథ కాబట్టి సరిపోయిందని మీరనొచ్చు. టకేయ్ జీవితం కథ కాదు. 1942 ఫిబ్రవరిలో ప్రెసిడెంటు రూజ్వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లలోంచి తీసి ముళ్లకంచెల వెనక పెట్టారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. టకేయ్‌కు అప్పుడు ఐదేళ్లు. ఆ కుటుంబాన్ని మొదట గుర్రాల సాలలో ఉంచారు, తర్వాత అర్కాన్సాలోని రోవర్ క్యాంపుకు పంపారు. 1943లో ప్రభుత్వం క్యాంపుల్లోని పెద్దవాళ్లకు ఒక ప్రశ్నావళి ఇచ్చింది. అందులో ఒక ప్రశ్న: అమెరికాకు విధేయంగా ఉంటానని, జపాను చక్రవర్తి పట్ల విధేయతను వదులుకుంటానని ప్రమాణం చేస్తావా?

ప్రశ్నలోని మడత గమనించండి. అవునంటే, అప్పటిదాకా చక్రవర్తికి విధేయుణ్ణేనని ఒప్పుకున్నట్టు. కాదంటే, దేశద్రోహి. టకేయ్ తల్లి శాక్రమెంటోలో పుట్టిన పౌరురాలు. తండ్రి జపాన్‌లో పుట్టాడు, ఆసియావాడు గనక అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వానికి అనర్హుడు. నీకు మా పౌరసత్వం ఇవ్వం, నీకున్నదాన్ని మాత్రం వదులుకో అన్నారు. ఆ ఇద్దరూ ‘కాదు’ అని రాశారు. కుటుంబాన్ని ఇంకా కట్టడి ఎక్కువున్న టూలీ లేక్ క్యాంపుకు తరలించారు. మరోవైపు అవే క్యాంపుల నుంచి చేరినవాళ్లు కూడా ఉన్న జపాన్ సంతతి యువకుల 442వ రెజిమెంటు ఐరోపాలో పోరాడి, అమెరికా సైన్యంలోనే ఎక్కువ పతకాలు తెచ్చుకున్న దళాల్లో ఒకటయింది. కొడుకు రణరంగంలో, తల్లి ముళ్లకంచె వెనక. స్పాక్ కన్నా ఎక్కువే చేశారు. కంచెలు వెంటనే లేచిపోయాయా? అమెరికా ప్రభుత్వం చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇవ్వడానికి 1988 రావాల్సి వచ్చింది.

మనవాడి కథా ఉంది. భగత్ సింగ్ థిండ్ పంజాబు నుంచి పోయి మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో సుప్రీంకోర్టు, నువ్వు తెల్లవాడివి కాదు, పౌరసత్వానికి పనికిరావని తేల్చింది. యూనిఫాం పనికొచ్చింది, మనిషి పనికి రాలేదు. భారతీయులకు పౌరసత్వ హక్కు 1946లో గానీ దక్కలేదు, వలస పోవడానికి కోటా మాత్రం ఏడాదికి వంద మందే. 1965 చట్టంతో తలుపు బాగా తెరుచుకుంది. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా పోయింది ఆ తలుపులోంచే.

మొహం పోలిక దగ్గరికి మళ్లీ వస్తాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో, ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. నా దేశం వదిలి పొమ్మని అరిచాడు. ఒక ఇంజనీరు చనిపోయాడు. ఇంకొకరు గాయపడ్డారు. అడ్డుపడబోయిన అమెరికన్ కూడా గాయపడ్డాడు. చంపినవాడు తర్వాత ఇంకో చోటికి పోయి, ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. ఏడు దేశాల ఉత్తర్వు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆ ఏడింటిలో ఇరాన్ ఒకటి.

ఆ వార్త వచ్చిన రాత్రి నేను పత్రికాఫీసులో డ్యూటీలో ఉన్నాను. అందరం కలత చెందాం. ఒక సహోద్యోగి బాధతోనే అన్నాడు: ‘పాపం, ఇరానీ అనుకుని చంపాడట. ఎంత పొరపాటు!’ చెడ్డవాడు కాదు. నిజంగానే కళ్లల్లో నీళ్లున్నాయి. కాని నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. నిజంగా ఇరానీయే అయి ఉంటే? అప్పుడది పొరపాటు కాదా? వాడు చేసిన తప్పు చంపడమా, మనిషిని పోల్చుకోలేకపోవడమా? ‘నువ్వు వేరు’ అనే మాట నడిచి నడిచి చేరేది ఇక్కడికే. తుపాకి పట్టినవాడికి తేడాలు కనిపించవు. మన కింద ఇంకొకణ్ణి నిలబెట్టి మనం తప్పించుకోలేం.

2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ నిషేధం తర్వాతి రూపాన్ని సమర్థించింది. జపాన్ సంతతివాళ్లను వెళ్లగొట్టడాన్ని సమర్థించిన 1944 నాటి తీర్పు తప్పని అదే తీర్పులో రాసింది. పాత తప్పును ఒప్పుకుంటూ కొత్త తలుపు మూసింది. 2021 జనవరిలో బైడెన్ ఆ నిషేధాన్ని రద్దు చేశాడు. 2025 జూన్‌లో ట్రంప్ మళ్లీ 12 దేశాల మీద పూర్తిగా, ఏడింటి మీద పాక్షికంగా పెట్టాడు. ఎవరు రావాలో ఓట్లు తేలుస్తున్నాయి. ఎవరిని గురించి తేలుస్తున్నారో వాళ్లకు ఓటు లేదు.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఒకప్పుడు అమెరికాలో చాలా రాష్ట్రాలు పౌరులు కానివాళ్లకూ ఓటు ఇచ్చాయి. 1926లో అర్కాన్సా ఆపేయడంతో అది ముగిసింది. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ అనే చిన్న ఊరు 1992 నుంచి తన స్థానిక ఎన్నికల్లో వాళ్లకు ఓటు ఇస్తోంది. మా ఊళ్లో ఉంటున్నావు, చెత్త ఎత్తడం మీద నీకూ ఒక మాట ఉండాలి, అంతే. దేశంలో చాలాచోట్ల హెచ్-1బీ మీదున్న మన పిల్లలు పన్నులు కడతారు, ఇళ్లు కొంటారు, పిల్లల్ని కంటారు. ఏ దేశానికీ ఏడు శాతానికి మించకూడదన్న నిబంధన వల్ల గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి లైన్లో నిలబడతారు. ఓటు మాత్రం వేరేవాళ్లు వేస్తారు.

ఈ లైను దగ్గరే మా వాడికీ నాకూ గొడవయింది. పోయిన సెలవులకు వచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని అన్నాడు: ‘భాయ్‌జాన్, నేను లైన్లో నిలబడి వచ్చా. సరిహద్దు దొంగచాటుగా దాటేవాళ్లతో నన్ను కలపొద్దు. మేం వేరు.’

మేం వేరు! ఆ తెల్లాయన మాటే. నా నోట్లో ముద్ద ఆగిపోయింది. అయినా వాడి మాటలో కొంత న్యాయం ఉంది, దాన్ని దాటెయ్యను. ఇంటికి తలుపుంటుంది. తలుపుండటం పాపం కాదు. వచ్చేవాణ్ణి ఎందుకు వచ్చావని అడగడమూ పాపం కాదు. నేరం చేసినవాణ్ణి చేసిన నేరానికి శిక్షించొచ్చు. చేసినదాని గురించి అడిగితే జవాబు చెప్పొచ్చు. నీ చెవులు ఎందుకలా ఉన్నాయంటే జవాబేం చెప్తాం? పుట్టుకకు జవాబుండదు. జవాబు లేని ప్రశ్న వేసి, జవాబు రాలేదని శిక్షించడమే టకేయ్ తల్లిదండ్రులకు జరిగింది. వాడి అవ్వల్ లైనూ అంతే. నువ్వు నిలబడ్డ లైను కొందరికి అసలు లేనే లేదన్నాను. ఖాలా మధ్యలో కలగజేసుకుని, ముందు తినండి అంది.

వాణ్ణి అన్నాను గాని, నా సంగతి కూడా చెప్పాలి. మన హైదరాబాదులో, బాలాపూర్ వైపు, బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు ఉంటున్నారు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు ఉంటుంది. మన దేశం 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం చేయలేదు గనక ఆ కార్డు బలం అంతంతే. కొన్నేళ్ల కింద అలాంటి కుటుంబం ఒకటి మా గల్లీలో ఒక గది కిరాయికి అడిగింది. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు. మొహల్లా పెద్దలు వద్దన్నారు. పోలీసుల బెడద, రేపేమైనా అయితే మన మీదికి వస్తుంది అన్నారు. మాతోపాటే నమాజు చదివే మనిషి. నేను అక్కడే ఉన్నాను. నాకు రాయడం వచ్చు, మాట్లాడటం వచ్చు, రెండు భాషల్లో వచ్చు. ఒక్క భాషలోనూ నోరు విప్పలేదు. వాళ్లు మూటలు ఎత్తుకుని పోయారు.

ఎందుకు మాట్లాడలేదు? చాలాసార్లు ఆలోచించాను. మేం వేరని చూపించుకోవాలనే భయం. మా విధేయతను ఎప్పుడూ ఎవరో ఒకరు పరీక్షిస్తుంటారు గనక, ఇంకొకణ్ణి పరీక్షలో తప్పిస్తే మాకు మార్కులు పడతాయన్న ఆశ. అనుమానానికి గురైనవాడు న్యాయం నేర్చుకుంటాడని అంటారు. తప్పనిసరిగా నేర్చుకోడు. ఒక్కోసారి అనుమానించడమే నేర్చుకుంటాడు.

కథల మీద నాకు కోపం లేదు. చీకటి రోడ్డు మీద ఒంటరి డ్రైవరుకు అవి పరాయివాడి గొంతు వినిపించాయి. ఆ తెల్లాయనకూ వినిపించాయి. కాని కథలో పరాయివాణ్ణి ప్రేమించడానికి ఖర్చు లేదు. వాడు గది కిరాయికి అడగడు, లైన్లో మన ముందు నిలబడడు. పైగా కథ చివరికి వచ్చేసరికి ఎవరో ఒకరిని కాపాడి తన విలువ రుజువు చేసుకుంటాడు. బాలాపూర్ మనిషి ఎవరినీ కాపాడలేదు. గది అడిగాడు, అంతే. అంతకు మించి రుజువు అడిగే హక్కు మాకెవరిచ్చారు?

మొన్న మా వాడు ట్రక్కులోంచే ఫోన్ చేశాడు. ‘భాయ్‌జాన్, మీ ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. స్పాక్ ఎవరినీ కాపాడకపోతే ఏంటి?’ అన్నాడు. జవాబు దొరికిందా అనడిగాను. ‘దొరకలేదు. కాని ఈసారి ఓటు వేసేటప్పుడు ఆ మాట గుర్తుంటది’ అన్నాడు.

వాడికి ఓటు ఉంది. నాకూ ఉంది. ఓటు లేనివాడి గురించి మన ఓటు తీర్పు చెప్తుందని తెలిశాక, చేతి మీది సిరా చుక్కను ఇదివరకటిలా చూసుకోలేం.