కిల్‌రోనన్ సమాధుల ద్వారం



ఐర్లండు దేశంలో, రాస్కామన్ ప్రాంతంలో కిల్‌రోనన్ అనే చోట ఒక పాత దేవాలయపు శిథిలాలున్నాయి. అక్కడి సమాధుల ఆవరణలోకి వెళ్ళే రాతి ద్వారంపై ఒక సంగీత విద్వాంసుని పేరు చెక్కబడి ఉంది. ఆయనే టర్లో ఓకరోలన్. 1738 మార్చి 25న, మంగళవార్త పండుగనాడు మరణించారు. ఆయన కట్టిన బాణీలు రెండు వందలకు పైగా నేటికీ నిలిచి ఉన్నాయి.

అయితే నేను మీకు చెప్పదలచింది ఆ బాణీల సంగతి కాదు, ఒక ఇల్లాలి సంగతి.

కరోలన్ 1670లో పుట్టారు. తండ్రి మెక్‌డెర్మాట్ రో అనే కలిగిన కుటుంబం వద్ద పనికి కుదిరాడు. ఆ ఇంటి ఇల్లాలు మేరీ ఈ పనివాని కొడుకుకు చదువు చెప్పించారు. పద్దెనిమిదో యేట కుర్రవాడికి మశూచి సోకి రెండు కళ్ళూ పోయాయి. ఇక పూటపూటా ఇంత భోజనం పెట్టి ఊరుకున్నా ఆమెను తప్పుపట్టేవారు లేరు. కాని ఆమె అతణ్ణి గురువు వద్ద చేర్చి, హార్ప్ అనే తీగల వాద్యం మూడేళ్ళు నేర్పించారు. ఆ పైన ఒక గుర్రాన్ని, దారి చూపే మనిషిని ఇచ్చి పంపారు. (గుర్రం మాట ఎవరికి తోస్తుంది చెప్పండి!) ఆయన సుమారు 45 ఏళ్ళు ఊరూరా తిరిగి, కతోలికుల ఇళ్ళలోను, ప్రొటెస్టంటుల ఇళ్ళలోను వాయించి, ఆ సంపాదనతోనే ఏడుగురు బిడ్డలను పెంచుకున్నారు.

యెరికో దారిపక్కన భిక్షమెత్తే బర్తిమయిని ప్రభువు ముందుగా ఏమి కావాలని అడిగారు. మన ఇంట్లో చూపులేని బిడ్డను, కాలు సరిగాలేని బిడ్డను ఎవరైనా అలా అడిగారా? చుట్టాలొస్తే లోపలి గదిలో కూర్చోబెడతాం. పండుగ పూజకు అందరం వెళ్తూ ఇంటికి కాపలా ఉంచుతాం. వాడు పాట ఎత్తుకుంటే "పాపం, గొంతు బాగుంది" అంటాం. ఆ గొంతును హార్మోనియం నేర్పే మాస్టారి దగ్గరకు చెయ్యిపట్టి తీసుకువెళ్ళేదెవరు? ఆదివారం గాయక బృందంలో వాడికొక కుర్చీ వేయించమని విచారణ గురువులను అడిగేదెవరు?

జబ్బు ముదిరినప్పుడు కరోలన్ ఆ ఇంటికే తిరిగి వచ్చారు, అక్కడే కన్నుమూశారు. కిల్‌రోనన్‌లో ఆ కుటుంబంవారు తమ సొంతవారిని పాతిపెట్టుకునే స్థలంలోనే ఆయనను కూడా ఉంచారు.