గుర్రానికి మాలీసు

అమీర్‌పేటలో మనిషి నిలబడడానికే చోటు దొరకదు. అలాంటిది గుర్రం నిలబడవలసివస్తే దాని పాట్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. మొన్న పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక సాయంత్రం మెట్రో స్తంభాల కింద, పంజాగుట్ట వైపు పోయే దారిలో, ఒక తెల్లగుర్రం అలా నిలబడి ఉంది. మెడలో పూసల దండలు, నుదుటిమీద కుచ్చు, వీపున జరీ జీను. బారాత్ బయలుదేరవలసిన వేళ దాటిపోయి గంటయిందిట. పెళ్ళికొడుకు షేర్వాణీ ఇంకా ఇస్త్రీలో ఉన్నదో, బావమరిది అలకలో ఉన్నాడో మరి! బాజావాళ్ళు పక్కనే చాయ్ తాగుతున్నారు. గుర్రం మాత్రం బస్సు హారన్లు వింటూ చెవులు తిప్పుకుంటున్నది.

నేను అప్పుడే నా భుజానికి వైద్యం చేయించుకుని వస్తున్నాను. రెండు నెలలుగా కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ నా చేతిని పట్టుకుని, మెల్లిగా పైకెత్తి, నొప్పి మొదలయ్యేచోట ఆపి, "ఊపిరి వదలండి అంకుల్" అంటుంది. అందుచేత ఆ గుర్రం దగ్గర సైసు చేస్తున్న పని చూసి కాళ్ళు ఆగిపోయాయి.

అతను దాని ముందరికాలు ఒకటి రెండు చేతులతో ఎత్తి, లాగకుండా, ఊరికే మోస్తున్నట్టుగా కొంచెం ముందుకు చాపి పట్టుకున్నాడు. గుర్రం మొదట కాలు వెనక్కి తీసుకోబోయింది. అతను వదలనూ లేదు, బిగించనూ లేదు. కాసేపటికి ఆ కాలు దానంతటదే బరువెక్కి అతని చేతుల్లో వాలింది. కాలు నేలమీద పెట్టి, మూపుమీద అరచేత్తో గుండ్రంగా రుద్దాడు. తరువాత జేబులోంచి క్యారెట్ ముక్క తీసి దాని డొక్క దగ్గర పట్టుకుంటే, గుర్రం మెడను విల్లులా వంచి అందుకుంది. రెండోవైపూ అంతే. చివరకు తల దించి, కింది పెదవి వేలాడేసి, నాలుకతో చప్పరించి, ఇంత నోరు తెరిచి ఆవులించింది!

"ఏం చేస్తున్నావయ్యా?" అని అడిగాను.

"మాలీసు సార్. గంటసేపు నిలబెడితే నరాలు పట్టేస్తయి గద. పైన మనిషి కూసుంటె ఇంక సతాయిస్తది."

"ఎవరు నేర్పారు?"

"మా నాయన. ఆయన జట్కా తోలెటోడు."

గుర్రం శరీరం గురించి ఒక చిత్రమైన సంగతి ఉంది. మనకున్నట్టు దానికి మెడకింద కాలరు ఎముక లేదు. ముందరికాళ్ళను మొండేనికి అంటిపెట్టేది ఎముకల కీలు కాదు, కండరాలూ వాటి పట్టీలూను. అంటే రెండు భుజాల మధ్య ఛాతీ ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుందన్నమాట. అరటన్ను జంతువు జోరుగా పరుగెత్తేటప్పుడు ఒక్క ముందరికాలిమీద పడే తాకిడి దాని బరువుకు రెండున్నర రెట్లదాకా పోతుంది. మౌలాలిలో మొదలై ఆరో నిజాం కాలంలో మలక్‌పేటకు వచ్చిన గుర్రప్పందాల్లో గెలిచిన గుర్రం పేరు పేపర్లో చదువుతామే గాని, ఆ తాకిడంతా ఏ కండరం మోసిందో ఎవరు చదువుతారు?

ఈ మాలీసు మీద పైదేశాల వాళ్ళు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. లిండా టెల్లింగ్టన్ జోన్స్ అనే ఆవిడ 1970ల్లో, మనుషుల శరీరాలకు కదలికలు నేర్పే ఫెల్డెన్‌క్రైస్ అనే ఆయన దగ్గర చదువుకుని, ఆ విద్యను గుర్రాలమీదికి మళ్ళించింది. వేళ్ళతో చర్మాన్ని చిన్న చిన్న వలయాలుగా తిప్పడం ఆవిడ పద్ధతి. క్యారెట్ చూపించి మెడ వంచే విద్యను 2011లో వెలువడిన ఒక పరిశోధనలో ఎనిమిది గుర్రాలమీద మూడు నెలలు పరీక్షించి, వెన్నెముకను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండరం లావెక్కిందని స్కానింగులో చూశారు. మన జట్కా సాయిబు స్కానింగు లేకుండానే ఆ మెడను వంచాడు.

సరే, ఇంటికొచ్చి ఈ ముచ్చటంతా మా మిత్రుడొకాయనకు చెబితే, ఆయన ముక్కు విరిచాడు. "ఇందులో దయేముందండీ? సైకిలు చెయినుకు నూనె వేస్తాం, కుట్టుమిషనుకు వేస్తాం. సైసు గుర్రానికి వేశాడు. అది నడవకపోతే అతనికి కూలి రాదు. మీరు దాన్ని పట్టుకుని కరుణ అంటారు!" అన్నాడు. ఆయన మాటను ఆ రాత్రి తోసిపారేయలేకపోయాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకునేదీ ఫీజుకే కదా!

భారతంలో ద్రోణపర్వం గుర్తుకొచ్చింది. పొద్దుగూకేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం పట్టిన మర్నాడు అది. (సైంధవమంటే గుర్రమనే అర్థం కూడా ఉంది, కవులకు ఆ వేడుక ఎప్పుడూ ఉన్నదే.) ఒక్కొక్క ఘడియా ప్రాణంతో సమానం. అలాంటి వేళ గుర్రాలు డస్సిపోయాయి, ఒళ్ళంతా బాణాలు. అర్జునుడు రథం దిగి, నేలను బాణంతో కొట్టి మడుగు పుట్టించి, బాణాలతోనే ఒక ఇల్లు కట్టి, చుట్టూ శత్రువులు కమ్ముకుంటుంటే పాదచారిగా నిలబడి యుద్ధం చేశాడు. లోపల కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు పీకి, తన చేతులతో ఒళ్ళు రుద్ది, అటూ ఇటూ నడిపించి నీళ్ళు తాపాడు. ఆపైన మళ్ళీ రథానికే కట్టాడు!

మా మిత్రుడి లెక్క ప్రకారం ఇది కూడా చెయినుకు నూనే. మళ్ళీ కట్టడం కోసమే విప్పాడు కదా. నిజమే. కాని నాకొక పేచీ ఉంది. చెయినుకు నూనె వేసేవాడు సినిమా పాట పాడుకుంటూ వేయవచ్చు. చెయిను ఏమీ అనుకోదు. గుర్రం విషయంలో అలా కుదరదు. అరటన్ను శరీరాన్ని బలవంతాన సాగదీయడం ఎవరి తరమూ కాదు. లాగితే అది తిరిగి లాగుతుంది. అది ఒప్పుకుని కాలు వదిలేదాకా పట్టుకుని నిలబడాలి, దాని కన్ను చూడాలి, చెవి చూడాలి. కూలి కోసం మొదలుపెట్టినవాడైనా ఆ రెండు నిమిషాలూ కూలి సంగతి మరిచిపోతేగాని పని కాదు. మరిచిపోయిన ఆ రెండు నిమిషాలనూ ఏ ఖాతాలో రాయమంటారు?

చిన్నప్పుడు మా తాతయ్య కాళ్ళు పిసికితే పావలా ఇచ్చేవాడు. నాకు కావలసింది పావలా; ఆ పావలా సినిమాకు. ఎంత హడావుడిగా పిసికినా ఆయన కనిపెట్టేసేవాడు. "ఒరే, నీ చేతులు అప్పుడే నేలటిక్కెట్టు కొంటున్నాయిరా" అనేవాడు. ఒక్కొక్కరోజు పిసుకుతూ పిసుకుతూ ఆయన పిక్కలో ముడి ఎక్కడుందో నా బొటనవేలికి దొరికేది. ఆయన "హా" అనేవాడు. అలాంటి రోజుల్లో పావలా అడగడం నేనే మరిచిపోయి మర్నాడు ఏడ్చేవాణ్ణి.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. రోములో కేటో అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. స్పెయిన్‌లో యుద్ధాలు చేసినన్నాళ్ళూ తనను మోసిన గుర్రాన్ని, ఓడ ఖర్చు ప్రజల నెత్తిన పడుతుందని అక్కడే వదిలేసి వచ్చి, ఆ పొదుపును గొప్పగా చెప్పుకునేవాడట. ఆయన చరిత్ర రాసిన ప్లూటార్కుకు ఈ పొదుపు మింగుడుపడలేదు. న్యాయం మనుషుల దగ్గరే ఆగిపోవచ్చు గాని, మంచితనం మూగజీవాలదాకా పోవాలనీ, పనికిరాకుండా పోయిన గుర్రాన్ని కూడా మేపడం మంచివాడి లక్షణమనీ ఆయన వాదన. మాలీసు చేసే చెయ్యి మంచిదా కాదా అన్నది గుర్రం నడుస్తున్నంతకాలం తేలదు. నడవనినాడు తేలుతుంది.

ఆ సాయంత్రం నాకు కేటో గుర్తుకు రాలేదు గాని, ఆ ప్రశ్న మాత్రం వచ్చింది. బాజాలు మొదలయ్యాయి. దీపాల గొడుగులు వెలిగాయి. పెళ్ళికొడుకును ముగ్గురు కలిసి పైకెక్కించి, ముందొక పిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టారు. సైసు పగ్గం అందుకుంటుంటే అడిగాను:

"ఇది ముసలిదైతే ఏం చేస్తావు?"

అతను నావైపు కొంచెం చిత్రంగా చూశాడు.

"నేనేం చేస్త సార్? గుర్రం నాది గాదు గద. శేఠ్‌ది."

పక్కన టపాకాయ పేలింది. గుర్రం ఉలిక్కిపడి తల ఎత్తింది. అతను ఏదో అంటూ దాని మెడమీద చెయ్యి వేశాడు. ఆ గోలలో ఏమన్నాడో నాకు వినబడలేదు. అది తల దించి, అతని జేబు దగ్గర మూతి పెట్టి వెతికింది. క్యారెట్ అయిపోయినట్టుంది. ఊరేగింపు పంజాగుట్ట వైపు కదిలింది.